కన్సోల్ కొలతకి కుట్టిన ఆర్‌పీజీలు: పీసీలో ఏది సర్దుకుంటుంది, ఏది సర్దుకోదు?

విశాఖ పీసీ గేమర్లు › ఆర్‌పీజీ చర్చలు

భీమిలి_గాలి
శుక్రవారం, రాత్రి 9:12

ఈ మధ్య పెద్ద ఆర్‌పీజీ (మన పాత్రని పెంచుకుంటూ కథలో సాగే ఆట) ఏది ప్రకటించినా ఆడి చూపించేది కన్సోల్ గేమ్‌ప్యాడ్ పట్టుకునే. పీసీ సంగతి అడిగితే "అదే రోజు వస్తుంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. ఎప్పుడొస్తుందన్నది కాదు, ఎలా వస్తుందన్నదే నా బెంగ.

మౌస్‌ని ప్యాడ్ స్టిక్‌లా నడిపిస్తారేమో. ఇన్వెంటరీలో తెరకి పది వస్తువులు చూపించి మిగతావాటి కోసం దొర్లించుకుంటూ పొమ్మంటారేమో. స్కిల్స్‌ని ప్యాడ్ బటన్ల లెక్కకి కుదించేస్తారేమో. షేడర్ల (తెర మీద వెలుగు, రంగులు గీయించే చిన్న ప్రోగ్రాములు) కుదుపులు ఎలాగూ ఉంటాయి. వీటిలో మనం కూర్చుని బాగుచేసుకోగలిగేవి ఏవి, తలకిందులుగా తపస్సు చేసినా మారనివి ఏవి? "ప్యాడ్ కొనుక్కో" అన్నది తప్ప ఏ సలహా అయినా ఫర్వాలేదు.

ముంతమసాలా
9:14

ప్యాడ్ కొనుక్కో గురూ.

పర్యవేక్షణ
9:21

పాత నియమమే: ఇక్కడ అంతా తెలుగు లిపిలోనే. ఫైళ్ల పేర్లు, వాటిలోని లైన్ల పేర్లు పలికినట్టు రాయండి. ఫైల్‌లో అవి ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, చదివేవాళ్లు పోల్చుకోగలరు. కంపెనీలని తిట్టాలనుకుంటే దానికి వేరే థ్రెడ్ ఉంది.

సెక్టార్11
9:50

భీమిలి గారూ, ఆ నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. మౌస్, మెనూ, ఎఫ్‌ఓవీ (తెర మీద ఎంత కోణం మేర కనిపిస్తుందన్నది) ఆటకి పైపూతలాంటివి. ఫైల్‌లో లైను మార్చో మాడ్ (ఆటగాళ్లే తయారుచేసిన మార్పు) వేసో చాలావరకు సరిచేసుకోవచ్చు. షేడర్లూ ఫ్రేమ్‌రేటూ (సెకనుకి ఎన్ని ఫ్రేములు గీస్తుందన్నది) మధ్యరకం, తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. మ్యాపు ఎంత ఉంది, పార్టీని ఎలా నడిపిస్తాం, ఒకేసారి ఎన్ని స్కిల్స్ వాడొచ్చు, కెమెరా ఎంత పైకి పోతుంది అన్నవి మాత్రం పునాదిలో పోసేసినవి. డబ్బు పెట్టే ముందు చూడాల్సింది ఈ మూడో రకం. జనం గోల చేసేది మొదటి రకం గురించి.

ముందు మౌస్. బల్ల మీద 20 సెంటీమీటర్ల దూరానికి రెండు గుర్తులు పెట్టండి. ఆటలో ఏదైనా స్తంభానికి ఎదురుగా నిలబడి, మౌస్‌ని ఒక గుర్తు నుంచి రెండో గుర్తు దాకా మెల్లగా జరపండి. చూపు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. మళ్లీ స్తంభం దగ్గరికొచ్చి అదే దూరం విసురుగా జరపండి. రెండుసార్లూ ఒకే చోట ఆగాలి. విసిరినప్పుడు ఎక్కువ తిరిగితే యాక్సిలరేషన్ ఉన్నట్టు. తక్కువ తిరిగితే ఇంకా దరిద్రం: ఆట మీ మౌస్‌ని స్టిక్‌గా లెక్కేసి, స్టిక్ పూర్తిగా వంచితే వచ్చే వేగాన్నే గరిష్ఠంగా పెట్టింది. మొదటిదానికి సాధారణంగా ఫైల్‌లో మందు దొరుకుతుంది. రెండోదానికి చాలాసార్లు దొరకదు.

అదే పరీక్ష నిలువుగా కూడా చేయండి. స్కైరిమ్‌లో పైకీ కిందికీ తిరిగే వేగం, పక్కలకి తిరిగే వేగంతో సరిపోలదు. పైగా ఆ నిలువు వేగం ఫ్రేమ్‌రేటుని బట్టి మారుతుంది.

స్కైరిమ్‌కి: డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, అందులో ఆట ఫోల్డర్, అందులో స్కైరిమ్‌ప్రెఫ్స్ ఐఎన్ఐ అనే సెట్టింగ్స్ ఫైల్. కంట్రోల్స్ విభాగం కింద బీ మౌస్ యాక్సిలరేషన్ విలువ 0 చేయాలి. అన్‌రియల్ ఇంజిన్ ఆటలకి: యాప్‌డేటా, లోకల్, ఆట పేరు, సేవ్డ్, కాన్ఫిగ్ వరుసలో వెళ్తే విండోస్ అనో విండోస్‌నోఎడిటర్ అనో ఫోల్డర్ ఉంటుంది. అందులో ఇన్‌పుట్ ఐఎన్ఐ తెరిచి, ఇంజిన్ ఇన్‌పుట్‌సెట్టింగ్స్ విభాగం కింద బీ ఎనేబుల్ మౌస్ స్మూతింగ్ విలువ ఫాల్స్ చేయాలి. ఆ విభాగం లేకపోతే మీరే రాయండి. మార్చాక ఆట మళ్లీ పాత విలువ రాసేస్తుంటే ఫైల్‌ని రీడ్ ఓన్లీ చేయండి. అలా చేశాక ఆ ఫైల్‌కి సంబంధించిన సెట్టింగ్స్ ఆట మెనూలో మార్చినా నిలబడవు. ఈ సంగతి మర్చిపోయి "సెట్టింగ్స్ సేవ్ అవడం లేదు" అని ఇక్కడ కొత్త థ్రెడ్ తెరవకండి.

మద్దిలపాలెం_నైట్‌షిఫ్ట్
10:02

ఎఫ్‌ఓవీ ఎందుకంత ఇరుకుగా ఇస్తారు? కొన్ని ఆటల్లో అరగంటకే తల తిరుగుతుంది.

సెక్టార్11
10:15

సోఫా దూరం లెక్క. 50 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 110 సెంటీమీటర్లు. 3 మీటర్ల దూరంలో కూర్చుంటే అది మీ కంటికి 21 డిగ్రీల మేర కనిపిస్తుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లే, కానీ మీరు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటారు కాబట్టి 48 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఇరుకు ఎఫ్‌ఓవీ సోఫా నుంచి బాగానే ఉంటుంది, బల్ల ముందు మాత్రం బైనాక్యులర్స్‌లోంచి చూస్తూ నడిచినట్టు ఉంటుంది. పైగా తక్కువ చూపిస్తే గీయాల్సిన వస్తువులూ తక్కువే, అది కన్సోల్ చిప్‌కి కలిసొచ్చే బేరం.

స్లైడర్ మీద అంకె చూసి మోసపోవద్దు. కొన్ని ఆటలు అడ్డం కోణం చెప్తాయి, కొన్ని నిలువు కోణం. 16:9 తెర మీద అడ్డంగా 90 అంటే నిలువుగా 59. ఒక ఆటలో 60 ఉంది కదా అని కంగారు పడేముందు అది ఏ 60యో చూడండి.

స్టార్‌ఫీల్డ్ 2023 సెప్టెంబరులో వచ్చినప్పుడు స్లైడరే లేదు, తర్వాత అప్‌డేట్‌లో ఇచ్చారు. అప్పటిదాకా జనం మై గేమ్స్ ఫోల్డర్‌లో స్టార్‌ఫీల్డ్‌కస్టమ్ ఐఎన్ఐ అని కొత్త ఫైల్ పెట్టుకుని, కెమెరా విభాగం కింద ఎఫ్‌పీ వరల్డ్ ఎఫ్‌ఓవీ, టీపీ వరల్డ్ ఎఫ్‌ఓవీ అన్న రెండు లైన్లతో నెట్టుకొచ్చారు.

కంబాలకొండ_మాడ్స్
10:31

మెనూల సంగతి నేను చెప్తా. పెద్ద అక్షరాలు, తెర సగం ఖాళీ, ఒక్కటే పొడుగాటి జాబితా: ఇది స్కైరిమ్‌కి ముందు భాగం, 2006 ఆబ్లివియన్ నుంచి ఉన్నదే. అప్పుడు డార్నిఫైడ్ యూఐ వేసుకున్నారు, 2011 స్కైరిమ్‌కి స్కైయూఐ, 2023 స్టార్‌ఫీల్డ్‌కి స్టార్‌యూఐ. బరువు, ధర, రకం పక్కపక్క గళ్లల్లో చూపించి, గడి తల మీద నొక్కితే క్రమంలో పెట్టే పట్టిక. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఉండేపాటి సదుపాయం, అంతే. అది కూడా ఇన్నేళ్లుగా మాడర్లే ఇచ్చుకోవాల్సి వస్తోంది.

స్కైయూఐ వేసేవాళ్లు పడే గొయ్యి ఒక్కటే. దానికి ఎస్‌కేఎస్ఈ (మాడ్స్‌కి ఆటలో కొత్త పనులు చేసే వీలిచ్చే అదనపు ప్రోగ్రాము) కావాలి, ఎస్‌కేఎస్ఈ వెర్షన్ ఆట వెర్షన్‌తో అచ్చంగా సరిపోవాలి. 2021 నవంబరు 11న ఆనివర్సరీ అప్‌డేట్‌తో ఆట 1.5.97 నుంచి 1.6కి మారినప్పుడు వేలమంది సెటప్పులు ఒక్క రాత్రిలో కూలింది అందుకే. కాబట్టి:

ఆటలు కొని నడిపే స్టీమ్ యాప్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, అప్‌డేట్స్, "ఆట తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ చేయి" అన్నది పెట్టండి. ఆ తర్వాత ఎప్పుడూ స్టీమ్ ప్లే బటన్ నొక్కకుండా ఎస్‌కేఎస్ఈ64 లోడర్ నుంచే తెరవండి. ప్లే నొక్కారా, అప్‌డేట్ దిగిపోతుంది. వెర్షన్ ఎంతో తెలియాలంటే స్కైరిమ్ఎస్ఈ ఈఎక్స్ఈ ఫైల్ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. డీఎల్ఎల్ (ప్రోగ్రాము కోడ్ ఉన్న ఫైల్) ఉన్న మాడ్స్‌లో ఎక్కువ వాటికి అడ్రస్ లైబ్రరీ అనే మరో మాడ్ కావాలి, అది కూడా మీ వెర్షన్‌కి తగ్గదే.

మెనూ తెరిస్తే డాలర్ గుర్తుతో మొదలయ్యే పిచ్చి పదాలు కనిపిస్తుంటే స్కైయూఐ సగమే ఎక్కిందని అర్థం. ఎస్‌కేఎస్ఈ ఫోల్డర్‌లోని డేటా, స్క్రిప్ట్స్ ఫైళ్లు కాపీ చేయడం మర్చిపోయి ఉంటారు.

జగదాంబ_జంక్షన్
10:44

అందరూ కన్సోల్‌ని వాయించేస్తున్నారు గానీ, పీసీ కోసమే చేసినవన్నీ వెన్నముద్దలా? 2001లో వచ్చిన గోథిక్ పక్కా పీసీ ఆట. నేల మీద వస్తువు తీయాలంటే కంట్రోల్ కీ నొక్కిపట్టి పై బాణం నొక్కాలి. మౌస్ ఉన్న మెషీన్‌లో ఇదేం శిక్ష? రివర్స్ ఉదాహరణ కూడా ఉంది. డయాబ్లో 3 పీసీలో 2012లో వచ్చింది, 2013లో కన్సోల్‌కి మార్చినప్పుడు కుడి స్టిక్‌తో పక్కకి దొర్లి తప్పుకునే కదలిక ఇచ్చారు. పీసీ వాళ్లకి అది లేదు. డయాబ్లో 4 వచ్చేసరికి తప్పుకోవడం అందరికీ ఇచ్చేశారు, ఎవరూ ఏడవలేదే.

జపాన్ ఆర్‌పీజీలైతే ఈ గొడవే లేదు. పర్సోనా 4 గోల్డెన్ 2020లో, పర్సోనా 5 రాయల్ 2022లో పీసీకి వచ్చాయి. వంతులవారీ పోరాటం, మెనూలు. నాలుగు బాణాలూ ఎంటరూ ఉంటే చాలు.

ఎర్రమట్టి_దిబ్బలు
11:08

జగదాంబ గారు పైపూత గురించే మాట్లాడుతున్నారు. పునాది చూద్దాం.

డ్యూస్ ఎక్స్ మొదటి భాగం 2000లో పీసీ కోసం చేసింది. లిబర్టీ ఐలాండ్ మొత్తం ఒక్క తునకగా తిరగొచ్చు. రెండో భాగం ఇన్విజిబుల్ వార్ 2003లో పీసీకీ ఎక్స్‌బాక్స్‌కీ కలిపి చేశారు. ఆ ఎక్స్‌బాక్స్‌లో మొత్తం మెమరీ 64 ఎంబీ, గ్రాఫిక్స్‌కి కూడా అందులోంచే. ఊళ్లన్నీ అగ్గిపెట్టెల్లా తెగిపోయాయి, పెట్టెకీ పెట్టెకీ మధ్య లోడింగ్. మీ పీసీలో 512 ఎంబీ ఉన్నా అదే అగ్గిపెట్టె. తుపాకులన్నిటికీ ఒకే రకం తూటాలు పెట్టడం మాత్రం మెమరీ మీద నెట్టలేం, అది వాళ్లు కావాలని చేసిన సరళీకరణ.

ఇంకోటి. ఆబ్లివియన్‌కి ముందు భాగమైన మారోవిండ్‌లో చాలా ఊళ్లలోకి నడుచుకుంటూ వెళ్లిపోతాం, లెవిటేషన్ మంత్రం వేసి ఇళ్ల మీంచి ఎగరొచ్చు. ఆబ్లివియన్‌లో నగరానికో గోడ, గోడకో తలుపు, తలుపు దగ్గర లోడింగ్. నగరం లోపల ఉన్నది వేరే తునక కాబట్టి పైనుంచి ఎగిరి చూస్తే ఖాళీ కనిపిస్తుంది. అందుకని లెవిటేషనే ఎత్తేశారు, కథలో దాన్ని చట్టం చేసి నిషేధించారని సర్దిచెప్పారు. ఎక్స్‌బాక్స్ 360లో ఉన్న మెమరీ 512 ఎంబీ మరి. స్కైరిమ్‌లో పెద్ద నగరాలదీ అదే వరస. గోడలు తీసేసే ఓపెన్ సిటీస్ మాడ్ ఉంది గానీ, నగరాన్ని ముట్టుకునే ఇతర మాడ్స్‌తో దాన్ని కలపాలంటే ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు.

డ్రాగన్ ఏజ్ వరస చూస్తే బాణం గుర్తు కిందికే. 2009 ఆరిజిన్స్ పీసీలో చక్రం తిప్పితే కెమెరా నెత్తి మీదికి వెళ్తుంది, యుద్ధం మొత్తం చదరంగం బల్లలా కనిపిస్తుంది. కన్సోల్‌లో ఆ చూపు లేదు. 2011 రెండో భాగంలో పీసీ నుంచి కూడా తీసేశారు. 2014 ఇన్‌క్విజిషన్‌లో ట్యాక్టికల్ కెమెరా అని తిరిగి ఇచ్చారు, కానీ చాలినంత ఎత్తుకి పోదు, పైన కప్పో చెట్టు కొమ్మో ఉంటే దానికి గుద్దుకుని ఆగిపోతుంది. స్కిల్ గళ్లు ఎనిమిదే. 2024 వీల్‌గార్డ్‌లో మామూలు స్కిల్ గళ్లు మూడు, తోటివాళ్లని మనం నేరుగా నడపలేం. సాంకేతికంగా ఆ పీసీ వెర్షన్ చక్కగా నడుస్తుంది, అందుకే దాన్ని ఇక్కడ చెప్తున్నా: పోర్టు (కన్సోల్ ఆటని పీసీకి మార్చిన వెర్షన్) బాగుండటం వేరు, పీసీ ఆర్‌పీజీ అవడం వేరు.

ముంతమసాలా
11:12

ఫాలౌట్ 4 సంభాషణలు మర్చిపోయారు మాస్టారూ. నాలుగు జవాబులు, నాలుగు బటన్లు. అవును, కాదు, వెటకారం, ఇంకో ప్రశ్న.

జగదాంబ_జంక్షన్
11:25

దొరికారు. ఆ నాలుగు జవాబుల పాపం ప్యాడ్ మీద వేయకండి. 2010లో ఫాలౌట్ న్యూ వెగాస్ అదే ఎక్స్‌బాక్స్ 360లో, అదే ప్యాడ్‌తో, పూర్తి వాక్యాల జాబితాతో వచ్చింది. ఐదారు జవాబులున్నా దొర్లించుకుని ఎంచుకున్నారు. ఫాలౌట్ 4లో కథానాయకుడికి గొంతు ఇచ్చారు. ప్రతి జవాబూ మగ గొంతులో ఒకసారి, ఆడ గొంతులో ఒకసారి రికార్డు చేయాలి. జవాబులు అక్కడ తగ్గాయి. అసలు వాక్యం మొత్తం చూపించే ఫుల్ డైలాగ్ ఇంటర్‌ఫేస్ మాడ్ ఉంది, కానీ రికార్డు చేయని ఐదో జవాబుని ఆ మాడ్ పుట్టించదు.

ఎర్రమట్టి_దిబ్బలు
11:33

సంభాషణల విషయంలో ఒప్పుకుంటున్నా. మెమరీ విషయంలో కాదు.

సెక్టార్11
11:47

ఇద్దరి మాటకీ సరిపోయే ఉదాహరణ బాల్డర్స్ గేట్ 3. పీసీకి 2023 ఆగస్టు 3, పీఎస్5కి సెప్టెంబరు 6. ఎక్స్‌బాక్స్‌కి డిసెంబరు దాకా పట్టింది. 10 జీబీ మెమరీ ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో ఒకే తెర మీద ఇద్దరు ఆడే పద్ధతి కుదరలేదు, చివరికి ఆ ఒక్క మెషీన్‌లో అది లేకుండానే వదిలారు, 2025లో అప్‌డేట్‌తో ఇచ్చారు. ఆటని కోయకుండా తేదీని జరిపారన్నమాట. ప్యాడ్ పట్టుకుంటే స్కిల్స్ చక్రాల్లోకి వస్తాయి, మౌస్ పట్టుకుంటే కింద వరసలోకి వస్తాయి. రెండూ విడివిడిగా గీసిన ఇంటర్‌ఫేస్‌లు. కొత్త ఆట ట్రైలర్‌లో నేను వెతికేది ఇదే: మౌస్‌తో ఆడిన ఒక్క నిమిషం వీడియో ఉందా? అందులో పాయింటర్ వస్తువు మీద ఆపగానే వివరం వస్తోందా, లేక ఎంపిక పెట్టె ఒక్కో గడి గెంతుతోందా? గెంతితే అది ప్యాడ్ మెనూకి మౌస్ తగిలించినది.

మద్దిలపాలెం_నైట్‌షిఫ్ట్
శనివారం, మధ్యాహ్నం 2:05

144 హెర్ట్జ్ మానిటర్ పెడితే స్కైరిమ్‌లో గదిలోకి అడుగు పెట్టగానే గిన్నెలు, పుస్తకాలు గాల్లోకి లేస్తాయి. దీనికి మందేమిటి?

కంబాలకొండ_మాడ్స్
2:20

ఫిజిక్స్ లెక్కని 60 ఫ్రేములకి కట్టేశారు. ఒక్కో అడుగుకి 0.0166 సెకను అని ఫైల్‌లో రాసి ఉంటుంది. మీ మెషీన్ 144 ఫ్రేములు గీస్తే ఒక్కో ఫ్రేముకి పట్టేది 0.0069 సెకనే, కానీ గిన్నెకి మాత్రం 0.0166 సెకన్ల తోపు పడుతుంది. ఎగరక ఏం చేస్తుంది?

మెల్లిరకం మందు: స్కైరిమ్‌ప్రెఫ్స్‌లో ఐ వీసింక్ ప్రెజెంట్ ఇంటర్వల్ 1 ఉంచి, డ్రైవర్‌లో 60కి పరిమితి పెట్టడం. గట్టిరకం: ఎస్ఎస్ఈ డిస్‌ప్లే ట్వీక్స్ మాడ్. అది ప్రతి ఫ్రేముకీ ఎంత సమయం పట్టిందో చూసి ఆ విలువని అప్పటికప్పుడు మారుస్తుంది. స్కైరిమ్ ఐఎన్ఐలో హావాక్ విభాగం కింద ఎఫ్ మ్యాక్స్ టైమ్ అని చేత్తో 0.0069 రాసే పద్ధతీ ఉంది, కానీ ఫ్రేమ్‌రేటు 144 నుంచి 70కి పడితే మళ్లీ లెక్క తప్పుతుంది. వద్దు.

ఈ జబ్బు ఒక్క దానిదే కాదు. డార్క్ సోల్స్ 2012లో పీసీకి వచ్చినప్పుడు లోపల 1024×720లో గీసి, 30 ఫ్రేముల దగ్గర బిగించారు. డీఎస్‌ఫిక్స్ మాడ్‌తో 60 చేస్తే నిచ్చెన మీంచి జారినప్పుడు నేలలోంచి కిందికి పడిపోయే ప్రమాదం, గెంతు దూరం కూడా తగ్గుతుంది. అందుకే నిచ్చెన దగ్గర జారకుండా మెట్టు మెట్టుగా దిగమనేవారు. ఇన్‌క్విజిషన్‌లో కట్‌సీన్లు 30కి బిగించి ఉంటాయి. లాంచ్ ఆప్షన్స్‌లో గేమ్‌టైమ్ డాట్ మ్యాక్స్ సిమ్ ఎఫ్‌పీఎస్ 60, గేమ్‌టైమ్ డాట్ ఫోర్స్ సిమ్ రేట్ 60.0 అని రెండు ఇస్తే వదులవుతాయి, ఒక్కోదాని ముందు అడ్డగీత పెట్టాలి.

ఎల్డెన్ రింగ్ 60 పరిమితి తీసే మాడ్స్ ఉన్నాయి. యాంటీచీట్ ఆపి, ఆఫ్‌లైన్‌లో మాత్రమే. ఆన్‌లైన్‌లో అలా వెళ్తే ఖాతాకి నిషేధం.

భీమిలి_గాలి
4:40

షేడర్ల గురించి ఎవరూ ముట్టుకోలేదు.

సెక్టార్11
5:15

కన్సోల్‌లో గ్రాఫిక్స్ చిప్ ఒక్కటే రకం. షేడర్లని స్టూడియోలోనే వండి, డిస్కులో వడ్డించేస్తారు. పీసీలో కార్డు, డ్రైవర్ మారితే వంట మళ్లీ మొదలు. అది ముందే చేయకపోతే ఆట మధ్యలో కొత్త మంత్రం మొదటిసారి వేసినప్పుడల్లా తెర ఒక్క క్షణం బిగుసుకుంటుంది.

రెండు రకాల కుదుపుల్ని వేరు చేయండి. ఒకే చోట, ఒకే మంత్రం పదిసార్లు వేయండి. మొదటిసారి మాత్రమే బిగిస్తే అది షేడర్. అదే దారిలో వెనక్కీ ముందుకీ నడవండి. నడిచిన ప్రతిసారీ అదే మలుపు దగ్గర బిగిస్తే అది మ్యాపు తునకల లోడింగ్, దానికి మన చేతిలో మందు లేదు. 2025 ఆబ్లివియన్ రీమాస్టర్డ్ మీద ఎక్కువ ఫిర్యాదులు ఈ రెండో రకానివే.

మొదటి రకానికి: ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్, అందులో షేడర్ క్యాష్ సైజ్ 10 జీబీకి తగ్గకుండా పెట్టండి. ఆట సగంలో ఉండగా డ్రైవర్ మార్చకండి, మారిస్తే వండిందంతా పారబోసి మళ్లీ పొయ్యి వెలిగించాలి. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్‌కి లాంచ్ ఆప్షన్స్‌లో డీఎక్స్11 ఇస్తే కుదుపులు తగ్గుతాయి. హాగ్వర్ట్స్ లెగసీ తెరిచినప్పుడల్లా షేడర్ల పని చూసుకుంటుంది, ఆగండి, పాడైపోలేదు.

8 జీబీ కార్డులున్నవాళ్లకి ఇంకో మాట. పీఎస్5లో 16 జీబీ మెమరీ ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఉమ్మడి ఆస్తి. మనకి వాటాలు పంచేసి ఉన్నాయి. టెక్స్చర్లు 8 జీబీ దాటితే మిగతావి మామూలు ర్యామ్‌లోకి పోయి, అవసరమైనప్పుడల్లా పీసీఐ దారిలో తెచ్చుకోవాలి. ఫ్రేమ్‌రేటు సగటు బాగానే చూపిస్తుంది, కానీ తల తిప్పినప్పుడల్లా జర్క్. టెక్స్చర్ ఒక మెట్టు దించి, ఆట మూసి మళ్లీ తెరవండి. మూయకుండా చూస్తే తేడా తెలియకపోవచ్చు, పాతవి ఇంకా అక్కడే కూర్చుని ఉంటాయి.

జగదాంబ_జంక్షన్
5:31

రిఫండ్ మాట కూడా రాయండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడినది 2 గంటల్లోపు ఉండాలి. షేడర్లు వండుతూ మెనూ దగ్గర కూర్చున్న సమయం కూడా ఆ 2 గంటల్లోనే పడుతుంది. 2024 నుంచి ముందస్తు యాక్సెస్‌లో ఆడింది కూడా లెక్కే. ఎక్కువ డబ్బు కట్టి మూడు రోజుల ముందు దూకేవాళ్లు గమనించండి.

భీమిలి_గాలి
5:50

అయితే ఆ 2 గంటల్లో నేను చేసేది ఇలా: షేడర్లు అయ్యాక ఎక్కువ జనం ఉన్న ఊరు దాకా పరుగు, దారిలో మౌస్ పరీక్ష, ఇన్వెంటరీ నింపి చూడటం, తర్వాత ఒక పెద్ద పోరాటం. సరేనా?

సెక్టార్11
6:04

వరస మార్చండి. మౌస్ పరీక్ష మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది, ముందు అదే. ఊరికి పరుగెత్తడం మంచి ఆలోచన. 2024 డ్రాగన్స్ డాగ్మా 2 లాంటివి అడవిలో హాయిగా నడిచి, నగరంలో జనం వల్ల ప్రాసెసర్ దగ్గర చతికిలబడ్డాయి. అక్కడ గ్రాఫిక్స్ తగ్గించినా పెద్ద లాభం లేదు. గుర్తు ఏమిటంటే రిజల్యూషన్ సగానికి దించినా ఫ్రేములు పెరగవు. పెరగలేదంటే ప్రాసెసర్ వల్లే.

ముంతమసాలా
6:20

మన ఊరి సమస్య ఒకటి ఎవరూ చెప్పలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను గాలి లేచిందంటే కరెంటు గోవిందా. కన్సోల్ అలవాటు ఆటల్లో ఎఫ్5 నొక్కి సేవ్ చేసుకునే వీలుండదు, చెక్‌పాయింట్ వచ్చేదాకా ఆగాలి. డ్రాగన్స్ డాగ్మా 2లో ఒక్కటే పాత్ర సేవ్, ఆట కూడా మధ్యమధ్యలో దాని మీదే రాసుకుంటుంది. రాస్తుండగా కరెంటు పోతే?

కంబాలకొండ_మాడ్స్
6:42

యూపీఎస్ మీద 600 వీఏ అని రాసినది సాధారణంగా 360 వాట్లే. మధ్యరకం కార్డుతో ఆడుతున్న పీసీ, మానిటర్ కలిపి 280 దాకా లాగుతుంది, కాబట్టి నిలబడుతుంది గానీ కొద్ది నిమిషాలే. సేవ్ చేసి మూయడానికి చాలు. పెద్ద కార్డుంటే 1000 వీఏకి తగ్గొద్దు. రౌటర్‌ని కూడా దానికే తగిలించండి, క్లౌడ్‌కి సేవ్ ఎక్కాలి కదా.

సేవ్ ఫోల్డర్‌ని ఆడే ముందు రోజుకో కాపీ, మూడు కాపీలు వంతులవారీగా. మూడూ ఒకే డిస్కులో పెట్టకండి. కరెంటు వచ్చాక స్టీమ్ "క్లౌడ్‌దా, మెషీన్‌దా" అని అడిగితే కంగారుగా నొక్కొద్దు. రెండిటి తేదీ, సమయం చూసి, సున్నా కేబీ కానిది ఎంచుకోండి. నొక్కేముందు లోకల్ ఫోల్డర్ కాపీ తీసుకుంటే తప్పు నొక్కినా బతికి ఉంటారు.

మద్దిలపాలెం_నైట్‌షిఫ్ట్
7:10

చివరికి ప్యాడే దిక్కయితే, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి త్వరగా పాడవుతాయంటారు. నిజమా?

సెక్టార్11
7:26

ఉప్పుగాలి ముందుగా తినేసేది యూఎస్‌బీ కొసలు, బ్యాటరీ స్ప్రింగులు. స్టిక్ దానంతటదే జరగడం వేరే జబ్బు: మామూలు స్టిక్‌లో రెండు భాగాలు రాసుకుంటాయి, అరుగుతాయి, దుమ్ము చేరుతుంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్ అయస్కాంతంతో కొలుస్తుంది కాబట్టి ఆ అరుగుదల లేదు. మన వాతావరణానికి కొంచెం ఎక్కువ పెట్టినా అదే నయం.

పరీక్షకి విండోస్ రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. స్టిక్ వదిలేసినప్పుడు గుర్తు మధ్యలో నిలవాలి. కొద్దిగా జరుగుతుంటే స్టీమ్ ఇన్‌పుట్‌లో డెడ్‌జోన్ (స్టిక్ మధ్యలో ఆట పట్టించుకోని మేర) 8, 10 శాతం చేస్తే సర్దుకుంటుంది. అంతకన్నా పెంచితే చిన్న కదలికలు ఆటకి తెలియవు. శుభ్రం చేయాలంటే 99 శాతం ఐసోప్రొపైల్, స్టిక్ అడుగున ఒకటి రెండు చుక్కలు, గుండ్రంగా తిప్పి, పావుగంట ఆరాకే ఆన్ చేయాలి.

కొత్తవలస_ఎడమచేయి
8:03

ఎడమచేతి వాటం వాళ్లం బాణాల కీలతో నడుస్తాం. ఫాలౌట్ 4 వర్క్‌షాప్‌లో బాణాలు మెనూకి కట్టేసి ఉన్నాయి, కదిలితే మెనూ కూడా కదులుతుంది. స్కైరిమ్ మెనూల్లో కొన్ని కీలు మారవు. దారి ఉందా?

కంబాలకొండ_మాడ్స్
8:30

స్కైరిమ్‌కి ఉంది. డేటా ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేస్, కంట్రోల్స్, పీసీ వరసలో కంట్రోల్‌మ్యాప్ టెక్స్ట్ ఫైల్ పెట్టాలి. అసలుది ఆర్కైవ్‌లో ఉంటుంది, బయటికి తీసి సవరించండి. లైన్లలో గళ్లని విడదీసేది ట్యాబ్, స్పేస్ కాదు. స్పేస్ కొడితే ఆ లైను పనిచేయదు. ముందు ఆట ఫోల్డర్‌లో కంట్రోల్‌మ్యాప్‌కస్టమ్ ఉంటే తీసేయండి, లేకపోతే మీరు రాసింది కాక అదే నెగ్గుతుంది.

ఫాలౌట్ 4కి, కీలని మార్చి పంపే ఆటోహాట్‌కీ ప్రోగ్రాముతో వేరే దారి: కుడివైపు నంబర్ కీల మీద చేయి పెట్టుకుని 8, 4, 5, 6 నొక్కితే ఆటకి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ వెళ్లేలా నాలుగు లైన్లు. నడక వాటితో, మెనూ బాణాలతో. నమ్‌లాక్ ఆన్‌లో ఉండాలి. ఆఫ్‌లో ఉంటే విండోస్ 8, 4, 6ని మళ్లీ బాణాలుగానే పంపుతుంది.